వానాకాలంలో హాకీ పిల్లలకు ఏ సాధన మేలు: ఫ్లోర్‌బాల్, ఇండోర్ హాకీ, ఇంటి గోడ

జూన్ నెల సగం దాటిందంటే వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు హాకీ ఆడే పిల్లలకు గ్రౌండ్ దొరకదు. మన బడుల మైదానాలు ఎక్కువగా మట్టివే. నల్లరేగడి అయితే బూట్లకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది. చెలక నేల అయితే వాన వెలిశాక గులకరాళ్లు తేలి, బంతి ఎటు ఎగురుతుందో తెలియదు. టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి మైదానం, దగ్గర్లో ఉన్న పిల్లలు కొద్దిమందే. ఇక మే నెలలో రామగుండం ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, పొద్దున ఎనిమిది దాటితే పిల్లల్ని బయట నిలబెట్టలేం. ఎండ, వాన రెండూ కలిపి చూస్తే ఏడాదిలో నాలుగైదు నెలలు కప్పు కిందే గడపాలి. ఆ నెలల్లో ఏం చేయించామన్నది మిగతా ఏడాది ఆటలో కనిపిస్తుంది.

ఈ మధ్య ఫ్లోర్‌బాల్ గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. "సార్, వానకు మావోడు ఇంట్లనే కూసుంటుండు, ఆ ప్లాస్టిక్ స్టిక్కులు కొనియ్యమంటరా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. పీఈటీలు కూడా అడుగుతారు. పిల్లలకు హాకీ నేర్పించేవాడిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫ్లోర్‌బాల్ పిల్లల కళ్లను, కాళ్లను, బుర్రను బాగా పదును పెడుతుంది. మణికట్టును మాత్రం పదును పెట్టదు, పైగా మనం పట్టించుకోకపోతే పాడు చేస్తుంది కూడా. అందుకే వయసును బట్టి, ఆడే హాకీని బట్టి ఎంచుకోవాలి.

ఫ్లోర్‌బాల్ అంటే ఏ ఆట

స్వీడన్‌లో 1970లలో రూపు దిద్దుకున్న ఆట ఇది. 1986లో స్వీడన్, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్ కలిసి అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. చుట్టూ అర మీటరు ఎత్తు బోర్డులుంటాయి. జట్టుకు ఐదుగురు, వాళ్లతో పాటు ఒక గోల్‌కీపర్. కీపర్ చేతిలో స్టిక్ ఉండదు, ఎక్కువగా మోకాళ్ల మీదే ఆడతాడు. బంతి ప్లాస్టిక్‌ది, 72 మిల్లీమీటర్ల వ్యాసం, 26 రంధ్రాలు, బరువు 23 గ్రాములు. స్టిక్ చివరి బ్లేడు కూడా ప్లాస్టిక్‌దే, పూరీలు తీసే జాలి గంటెలా ఖాళీలతో ఉంటుంది. ఒంటితో గుద్దడం, ఎదుటివాళ్ల స్టిక్‌ను కొట్టడం, పైకి లేపడం ఫౌల్. అందుకే చిన్న పిల్లల్ని, అబ్బాయిలను, అమ్మాయిలను కలిపి ఆడించినా భయం తక్కువ.

చలి దేశాల్లో ఐస్ హాకీ నేర్చుకునే పిల్లలు మంచు మీద లేనప్పుడు ఈ ఆట ఆడతారు. వాళ్లకు ఇది చక్కగా సరిపోతుంది. ఐస్ హాకీలో కూడా బ్లేడు రెండు వైపులా వాడొచ్చు, గోల్ వెనక నుంచి ఆడొచ్చు, బోర్డుకు కొట్టి పాస్ ఇవ్వొచ్చు. తేడాలు రెండే: బంతి బదులు వాడే పక్ అనే రబ్బరు బిళ్ల బరువు 156 నుంచి 170 గ్రాములు, స్కేటింగ్ వేరే నేర్చుకోవాలి. చేతుల పని మాత్రం దాదాపు ఒకటే.

మన పిల్లలు ఆడేది మైదానం హాకీ. చిక్కంతా ఇక్కడే ఉంది.

చేతుల్లో వచ్చే తేడా

హాకీ స్టిక్‌కు ఒక్క ముఖమే, ఎడమ వైపున్న చదును భాగం. గుండ్రంగా ఉండే వీపు వైపు బంతికి తగిలితే ఫౌల్. ఎడమచేతి వాటం పిల్లలకు వేరే స్టిక్ ఉండదు, అందరూ ఇదే పట్టుకోవాలి. బంతిని కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి తిప్పాలంటే పైనున్న ఎడమచేయి స్టిక్‌ను తలకిందులుగా తిప్పుతుంది. కింద కుడిచేయి గొట్టంలా వదులుగా ఉండి, స్టిక్‌ను తనలో తిరగనిస్తుంది. మన దేశం ఆటగాళ్లకు పేరు తెచ్చిన డ్రిబ్లింగ్ అంతా ఈ ఒక్క కదలికలోనే ఉంది. దీన్ని రోజూ చేస్తే తప్ప చేయి మరిచిపోతుంది.

ఫ్లోర్‌బాల్‌లో ఈ తిప్పడమే లేదు. బ్లేడుకు రెండు వైపులా బంతి ఆడొచ్చు కాబట్టి పిల్లవాడు స్టిక్‌ను అటూ ఇటూ జరిపితే చాలు. కుడిచేయి వదులుగా ఉండాల్సిన పని లేదు, గట్టిగా పట్టి లాగుతుంది. ఒక సీజన్ అంతా ఇదే ఆడి మళ్లీ గ్రౌండ్‌కు వచ్చిన పిల్లలను దగ్గరగా గమనించండి. బంతి ఎడమ వైపు రాగానే స్టిక్ తిప్పకుండా వీపుతో ఆపేస్తారు. కుడిచేతి బొటనవేలు స్టిక్ మీద నిటారుగా ఆనించి, బిగించి ఉంటుంది. ఆ బొటనవేలు చూస్తేనే తెలిసిపోతుంది, ఈ చేతికి అలవాటు మారిందని.

రెండోది కాలు. ఫ్లోర్‌బాల్‌లో బంతిని కాలితో ఆపుకొని స్టిక్‌కు అందించుకోవచ్చు. హాకీలో కాలికి తగిలి లాభపడితే ఫౌలే, డీ లోపల, అంటే గోల్ ముందు గీసిన అర్ధచంద్రాకారం లోపల, డిఫెండర్ కాలికి తగిలితే ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నర్, గోల్ కొట్టే మంచి అవకాశం. ఒక్క అలవాటు గోల్ వరకు తెస్తుంది.

మూడోది బరువు. హాకీ బంతి 156 నుంచి 163 గ్రాములు, అంటే ఫ్లోర్‌బాల్ బంతికి దాదాపు ఏడింతలు. 23 గ్రాముల బంతిని మణికట్టు విదిలిస్తే హాలు ఆ చివరకు పోతుంది. హాకీ బంతిని పుష్ చేయాలంటే, అంటే స్టిక్ ఎత్తకుండా నేల మీదే నెట్టి పంపాలంటే, మోకాళ్లు వంగాలి, ఎడమ భుజం ముందుకు రావాలి, వెనక కాలి నుంచి ముందు కాలికి ఒంటి బరువు మారాలి. ఆ పని ఫ్లోర్‌బాల్ నేర్పదు. స్టిక్ పొడవుగా ఉండటం వల్ల నడుం పెద్దగా వంచకపోయినా బంతి అందుతుంది, పిల్లలు నిటారుగా ఆడటం మరుగుతారు.

ఇన్ని లోపాలు చెప్పాను కాబట్టి వద్దంటున్నానని అనుకోకండి. ఈ ఆట ఇచ్చేవి కూడా పెద్దవే, అవి మన మట్టి గ్రౌండ్ మీద అసలు దొరకవు. మట్టి మీద బంతి ఎటు ఎగురుతుందోనని పిల్లలు తల దించుకుని బంతినే చూస్తూ ఆడతారు. హాలు నేల మీద బంతి సాఫీగా దొర్లుతుంది కాబట్టి తల పైకి లేస్తుంది. ఎవరు ఖాళీగా ఉన్నారో కనబడుతుంది. చిన్న కోర్టులో ముగ్గురు ముగ్గురుగా ఆడితే ప్రతి కొన్ని క్షణాలకూ బంతి ప్రతి ఒక్కరి దగ్గరికీ వస్తుంది. పదకొండు మంది ఆటలో అంచున నిలబడి, బంతి ముట్టకుండానే ఇంటికి పోయే పిల్లలకు ఇది పెద్ద మార్పు. పాస్ ఇచ్చి ఆగిపోకుండా ఖాళీలోకి పరుగెత్తడం, బంతి పోగానే వెనక్కి తిరిగి అడ్డుకోవడం, వీటిని మాటలతో ఎంత చెప్పినా రాదు. ఈ ఆటలో వాటంతట అవే వస్తాయి.

ఇండోర్ హాకీ

అసలు హాకీనే హాలులో ఆడేది ఇది. కోర్టు ఫ్లోర్‌బాల్ కోర్టంతే ఉంటుంది. పక్క గీతల వెంట పది సెంటీమీటర్ల ఎత్తు దిమ్మెలు పెడతారు. స్టిక్ ఎత్తి బంతిని హిట్ చేయడం నిషేధం, పుష్ మాత్రమే. గోల్ మీదికి షాట్ కొట్టేటప్పుడు తప్ప బంతి పైకి లేవకూడదు. అందుకే ఆడేవాళ్లంతా బాగా వంగి, స్టిక్ నేలకు దాదాపు ఆనించి ఆడతారు.

ఇది మన పిల్లలకు ఎందుకు మంచిదో చెప్పాలి. మట్టి మీద పుష్ చేసిన బంతి పది గజాలు పోయేసరికి ఆగిపోతుంది. అందుకే మన పిల్లలు చిన్నప్పటి నుంచే స్టిక్ ఎత్తి బాదడం నేర్చుకుంటారు. వాళ్ల తప్పు కాదు, ఆ నేల మీద అదే పని చేస్తుంది. టర్ఫ్ మీదకు సెలక్షన్‌కు పోయినప్పుడు తేలిపోతుంది. అక్కడ బంతిని ఆపడం, పుష్‌తో ముప్పై గజాలు పాస్ ఇవ్వడం రాకపోతే సెలెక్టర్లు రెండో చూపు చూడరు. ఇండోర్ హాకీ ఈ లోటును నేరుగా పూడుస్తుంది. జర్మనీ పిల్లలు చలికాలమంతా హాలులో ఇదే ఆడతారు. 2003లో లైప్‌జిగ్‌లో జరిగిన మొదటి ఇండోర్ హాకీ ప్రపంచకప్ గెలిచిందీ జర్మనీయే.

కష్టం హాలుది. హాకీ బంతి గట్టిది, స్టిక్ నేలను గీస్తుంది, గోడ సున్నం రాలుతుంది. చెక్క నేల ఉన్న బ్యాడ్మింటన్ హాలు వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే. గచ్చు నేల అయితే ఎక్కడ పగుళ్లున్నా బంతి ఎగిరి ముఖానికి తగలొచ్చు. పిల్లలకు షిన్‌గార్డు, మౌత్‌గార్డు, ఎడమ చేతికి గ్లవ్ తప్పకుండా ఉండాలి. పదేళ్ల లోపు వాళ్లను ఇరుకు హాలులో ఆ బంతితో ఆడించడం నాకు ఇష్టం లేదు.

ఇంటి గోడ, వరండా

డబ్బు లేకపోయినా హాలు దొరకకపోయినా ఇది ఎవరి చేతిలోనైనా ఉన్న పని. బండలు పరిచిన వరండా, ఒక గోడ, పాత టెన్నిస్ బంతి చాలు. టెన్నిస్ బంతి 58 గ్రాముల చుట్టూ ఉంటుంది కాబట్టి గోడకూ పక్కింటివాళ్లకూ ఇబ్బంది లేదు. గోడకు పుష్ చేసి తిరిగి వచ్చిన బంతిని ఆపడం, రెండు చెప్పుల మధ్య డ్రిబ్లింగ్, ఒక్క ఎడమచేత్తో స్టిక్ తిప్పడం రోజుకు పావుగంట చేసినా మణికట్టు నిలుస్తుంది. కాకపోతే ఒంటరి సాధన. పదేళ్ల పిల్లకు నాలుగు రోజుల్లో విసుగొస్తుంది. అన్న గానీ, నాన్న గానీ ఎదురుగా నిలబడి బంతి తిరిగిస్తే వారాలు గడుస్తాయి. ఇది ఆటను నేర్పదు, చేతిని మరిచిపోనివ్వదు. వానాకాలంలో దీన్ని మాత్రం ఎవరూ మానకూడదు.

స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు రోలర్ హాకీ, ఇన్‌లైన్ హాకీ గురించి అడుగుతారు. వాళ్లకు ఫ్లోర్‌బాల్ చాలా మంచి తోడు, సందేహం అక్కర్లేదు. మైదానం హాకీ పిల్లలు మాత్రం వాన కోసమని స్కేట్లు కొనాల్సిన పని లేదు. బడిలో కబడ్డీ మ్యాట్ ఉంటే వారానికో రోజు కబడ్డీ ఆడించండి. వంగి నిలబడటం, పక్కకు కదలడం దానంత బాగా ఇంకేదీ నేర్పదు.

ఎవరికి ఏది

పదేళ్ల లోపు పిల్లలకు ఫ్లోర్‌బాల్. ఇంకో ఆలోచన వద్దు. ఆ వయసులో ఆట మీద ఇష్టం పుట్టడం ముఖ్యం, తేలిక స్టిక్, తేలిక బంతి ఆ పని చేస్తాయి.

పదకొండు నుంచి పద్నాలుగు ఏళ్ల వాళ్లకు కలిపి ఇవ్వాలి. వారంలో రెండు రోజులు ఫ్లోర్‌బాల్, మిగతా రోజుల్లో హాకీ స్టిక్‌తో గోడ పని. ఇండోర్ హాకీకి తగిన హాలు దొరికితే ఒక ఫ్లోర్‌బాల్ రోజును దానికి ఇవ్వండి. మణికట్టు అలవాటు గట్టిపడే వయసు ఇదే కాబట్టి అచ్చంగా ఫ్లోర్‌బాల్ మీదే వదిలేయొద్దు.

పదిహేను దాటి, ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్లకో స్పోర్ట్స్ హాస్టల్‌కో సిద్ధమయ్యే వాళ్లకు ఇండోర్ హాకీ. హన్మకొండ జేఎన్ స్టేడియంలోనో కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలోనో ఇండోర్ హాలు అడిగి చూడండి. దొరక్కపోతే ఊళ్లో కప్పు ఉన్న గచ్చు మీద పుష్, ట్రాప్ (వచ్చే బంతిని స్టిక్‌తో ఆపడం) సాధన చేయండి. సెలక్షన్లు నెల రోజుల్లో ఉన్నాయంటే ఫ్లోర్‌బాల్ స్టిక్ పక్కన పెట్టేయాలి. నా మాట కటువుగా అనిపించొచ్చు, కానీ ఆ నెలలో చేతికి ఒకే స్టిక్ తెలియాలి.

గోల్‌కీపర్ల సంగతి వేరు. హాకీ కీపర్ కాళ్ల మీద నిలబడి, ప్యాడ్లతో బంతిని తన్నాలి. ఫ్లోర్‌బాల్ కీపర్ మోకాళ్ల మీద కూర్చుంటాడు. మీ కీపర్ పిల్లను ఫ్లోర్‌బాల్‌లో గోల్‌లో నిలబెట్టకండి, గోల్ బయట మిగతావాళ్లతో ఆడనివ్వండి. పాస్ ఎలా వస్తుందో, ఆడేవాళ్లు ఎటు చూసి ఎటు కొడతారో అక్కడ నేర్చుకుంటుంది. 2024లో మస్కట్‌లో జరిగిన మొదటి హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లో రజతం గెలిచిన భారత మహిళల జట్టుకు కెప్టెన్ ఒక గోల్‌కీపరే, ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఎతిమరపు రజని. కీపర్‌కు ఆట మొత్తం కనబడాలి, తెలియాలి.

హాకీ ఫైవ్స్ పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. అది జట్టుకు ఐదుగురు, చిన్న మైదానం, చుట్టూ బోర్డులు ఉండే ఆట. బోర్డుకు కొట్టి మళ్లీ అందుకోవడం అందులో సగం ఎత్తుగడ. ఆ ఆట మీద కన్నున్న పిల్లలకు ఫ్లోర్‌బాల్ మామూలు హాకీ పిల్లలకంటే ఎక్కువ పనికొస్తుంది.

ఆడించేటప్పుడు పెట్టుకోవాల్సిన కట్టుబాట్లు

ఫ్లోర్‌బాల్‌ను దాని రూల్స్‌తోనే ఆడించాలని ఎక్కడా లేదు. మన పిల్లల కోసం మార్చుకుందాం. బ్లేడు వీపు వైపు ఎర్ర టేపు చుట్టండి, ఎర్ర వైపు బంతికి తగిలితే బంతి ఎదుటి జట్టుది. అప్పుడు ఎడమ వైపు వచ్చిన బంతి కోసం పిల్లలు కాళ్లు కదిపి చుట్టూ తిరిగి వస్తారు, ఆ కాళ్ల పని హాకీకి బంగారం. కాలికి తగిలినా బంతి ఎదుటివాళ్లదే. గోల్ ముందు సుద్దతో డీ గీసి, లోపలి నుంచి కొట్టిందే గోల్ అనండి. ఆట అయిపోగానే ఇళ్లకు పంపకండి. చివరి పావుగంట హాకీ స్టిక్, హాకీ బంతి ఇచ్చి వరండాలో డ్రిబ్లింగ్ చేయించండి. ఆ రోజు చేయి ఆఖరుగా గుర్తుపెట్టుకోవాల్సింది స్టిక్ తిప్పడం.

స్టిక్ కొనేటప్పుడు బ్లేడు మీద ఎడమ, కుడి గుర్తు చూడండి. కింద ఏ చేయి ఉంటుందో ఆ పేరు పెడతారు. హాకీ పిల్లలకు కింద కుడిచేయి కాబట్టి, వాటం ఏదైనా సరే, కుడి బ్లేడే కొనాలి. ఎడమ బ్లేడు కొంటే చేతులు తారుమారై, మళ్లీ హాకీ స్టిక్ పట్టినప్పుడు మొదటికొస్తుంది. పొడవు బొడ్డు దాకా, లేదా కాస్త పైకి. స్టిక్ ఎంత వంగుతుందో చెప్పే ఫ్లెక్స్ అంకె ఎంత పెద్దదైతే స్టిక్ అంత మెత్తన, పిల్లలకు 32, ఆపైన తీసుకోండి. బడికి కొంటున్నట్టయితే ఖరీదైన కార్బన్ స్టిక్కులు అవసరం లేదు, ప్లాస్టిక్ సెట్టు చాలు.

కళ్ల విషయంలో మాత్రం రాజీ పడొద్దు. ఆ బంతి చిన్నది, తేలికైనా వేగంగా వస్తుంది, కంటి మీద నేరుగా తగిలితే ప్రమాదం. పిల్లలకు స్పోర్ట్స్ గాగుల్స్ పెట్టించండి, మామూలు అద్దాల కళ్లజోడుతో ఆడనివ్వొద్దు. బూట్లు గమ్ సోల్‌వి ఉండాలి.

నేల గురించి. ఫంక్షన్ హాలు చవగ్గా దొరుకుతుందని పోతారు, కానీ గ్రానైటో టైల్సో తడి పాదం పడితే జారుతుంది. వానాకాలంలో పిల్లలంతా తడి బూట్లతోనే వస్తారు. గుమ్మం దగ్గరే గోనెసంచి పరిచి, వేరే బూట్లు మార్చుకునేలా చూడండి. బ్యాడ్మింటన్ కోర్టు ఒక్కటి 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు. పక్కపక్కన రెండుంటే ముగ్గురు ముగ్గురుగా ఆడించొచ్చు. ప్లాస్టిక్ బ్లేడు చెక్క నేలను గీయదు. హాలు వాళ్లతో మాట్లాడేటప్పుడు ఒక స్టిక్, ఒక బంతి వెంట తీసుకెళ్లి వాళ్ల చేతికే ఇవ్వండి, సగం అనుమానాలు అక్కడే తీరతాయి. గురుకులాలు, కేజీబీవీల్లో అయితే ఇంకా సులువు. సాయంత్రం స్నాక్స్ అయ్యాక డైనింగ్ హాలు బల్లలను అడ్డంగా పడుకోబెడితే అవే బోర్డులు. వార్డెన్‌ను అడిగి హాలు కడగడం మాత్రం ఆట తర్వాతకు మార్పించండి.